బ్రేకు పడుతోందిగా!

ఇళ్ళల్లో మగవాళ్ళు వాడే మాటల్లో నాకు బొత్తిగా గిట్టనిది ఒకటుంది. ఫ్యాను కిర్రుమంటోందండీ అంటే "తిరుగుతోందిగా" అంటారు. కుక్కరు రబ్బరు సాగిపోయిందండీ అంటే "కూత వేస్తోందిగా" అంటారు. సరే, సర్దుకుపోతాం. ఫ్యాను ఆగితే విసనకర్ర ఉంది, కుక్కరు మొరాయిస్తే పప్పు గిన్నెలో ఉడుకుతుంది. కాని కారుకు బ్రేకాయిలు మార్పించి ఎన్నాళ్ళయిందండీ అని అడిగినప్పుడు కూడా, చూస్తున్న పేపరు మీంచి తల ఎత్తకుండా "పడుతోందిగా" అంటే మాత్రం ఆ మాటను అక్కడితో వదలకూడదని నా పట్టుదల.

మాది మార్కాపురం. శ్రీశైలం వెళ్ళాలంటే దోర్నాల మీదుగా నల్లమల ఎక్కాలి. గిద్దలూరు వాళ్ళు నంద్యాల వెళ్ళాలన్నా, మహానంది వెళ్ళాలన్నా దిగువమెట్ట దాటి అదే నల్లమలలో పడాలి. ఒంగోలు వాళ్ళకు కారంటే తిన్నగా పోయే బండి. మాకు ఎక్కి దిగే బండి. ఎక్కించడం ఇంజను వంతు, దించడం బ్రేకుల వంతు. ఇంజను గురించి మావాళ్ళకు తెలియని సంగతి లేదు. లీటరుకు ఎంత ఇస్తుందో, ఎంత పికప్పుందో అరుగు మీద కూర్చుని గంటలకొద్దీ చెప్పుకుంటారు. బ్రేకుల గురించి ఒక్కరు నోరెత్తగా నేను వినలేదు.

కొండకు బయల్దేరే ముందు మా ఇంట్లో జరిగే తతంగం చూడాలి. కారు కడుగుతారు. నాలుగు చక్రాలకూ పసుపు కుంకుమ. నాలుగు నిమ్మకాయలు. కొబ్బరికాయ. పెట్రోలు, గాలి, ఏసీ, పాటలు, అన్నీ సరిచూస్తారు. పులిహోర, దద్దోజనం నా వంతు. అంతా అయ్యాక నేను "బ్రేకాయిలు..." అని నోరు తెరిచానో లేదో, "శుభమా అని బయల్దేరుతుంటే బ్రేకుల మాట ఎందుకే అమ్మాయ్" అని అత్తయ్య. "మార్చడమేమిటి, తగ్గితే పోయిస్తాం" అని మావారు. నిమ్మకాయల మీద నాకు కోపం లేదు. ప్రతి ప్రయాణానికీ కొత్త నిమ్మకాయలు పెట్టే ఇంట్లో బ్రేకాయిలు మాత్రం ఎనిమిదేళ్ళనాటిదే ఉండటం మీదే నా కోపమంతా.

రెండేళ్ళ కిందటి కార్తీకమాసం. దర్శనం చేసుకుని తిరిగి వస్తున్నాం. ముందు మావారూ నేనూ, వెనక అత్తయ్యా పిల్లలిద్దరూ. శిఖరం దాటింది, తుమ్మలబైలు దాటింది. పల్లం వచ్చినప్పుడల్లా మావారు గేరు న్యూట్రల్లో వేసి పెట్రోలు ఆదా చేస్తున్నారు. బ్రేకు మీద వేసిన కాలు తీస్తే ఒట్టు. ఇస్త్రీపెట్టె కింద నైలాను చీర అంటుకున్నట్టు వాసన మొదలైంది. "ముందు లారీదిలే" అన్నారు. ముందు లారీ లేదు.

ఆ తర్వాతి మలుపులో ఆయన కాలు పెడలుతో సహా కిందికంటా పోయింది. పక్కన కూర్చున్నదాన్ని, కళ్ళారా చూశాను. బురదలో అడుగేసినట్టు మెత్తగా దిగిపోయింది. మళ్ళీ తొక్కారు, మళ్ళీ తొక్కారు. నాలుగోసారికి ఏదో కాస్త పట్టింది. గేరు వేసి, హ్యాండుబ్రేకు లాగి, కొండవైపు మట్టిలోకి దించి ఎలాగో ఆపారు. రెండోవైపు ఏముందో నేను చూడలేదు, ఇప్పటికీ చూడను. శిఖర దర్శనం చేసుకుంటే పునర్జన్మ ఉండదంటారు. ఆ ఫలం గంటలోపే చేతికి అందేట్టుందని అప్పుడు అనుకోలేదు గాని తర్వాత అనుకున్నాను. వెనక సీట్లో పిల్లలు ఏడవలేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. చిన్నది నా జడ కొస పట్టుకుని వదల్లేదు.

ఫోనుకు సిగ్నలు లేదు. కోతులు మాత్రం వచ్చి ప్రసాదం సంచీ వాసన పట్టాయి. ముప్పావుగంట కూర్చున్నాం. ఆ తర్వాత మావారు పెడలు తొక్కి చూస్తే ఏముంది, రాయిలా గట్టిగా ఉంది!

"చూశావా? ఏమీ లేదు. పడుతోందిగా!"

నా పోరు పడలేక రెండో గేరులో మెల్లగా దింపుకొచ్చారు. మర్నాడు మెకానిక్కు కంభం రోడ్డు మీద ఓ చుట్టు తిప్పి తెచ్చాడు. "ఏం గాదులేమ్మా, బ్రేకు బెమ్మాండంగా ఉంది. మీరు భయపడ్డట్టున్నారు" అన్నాడు. భయపడిన మాట నిజమే. భయపడ్డాను గనకనే కారుతోపాటు ఇచ్చిన పుస్తకాన్ని, ఇంకా కవరులోనే ఉన్నదాన్ని, చింపి బయటికి తీశాను. మా అన్నయ్య కొడుకు ఇంజనీరింగు చదివాడు, వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. అప్పుడు తెలిసింది, ఈ జబ్బు స్వభావమే అంతని. అడవిలో వస్తుంది, ఊళ్ళో దాక్కుంటుంది. వేడి మీద ప్రాణం తీయబోయి, చల్లారగానే ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. అందుకే "పడుతోందిగా" అన్నది పరీక్షే కాదని నేను అనేది.

సంగతి ఏమిటంటే, మనం కాలితో తొక్కిన తొక్కుడును నాలుగు చక్రాల దాకా మోసుకెళ్ళేది సన్నటి గొట్టాల్లో ఉన్న ఒక ద్రవం. మూసిన గొట్టంలో ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అంతటా సమంగా పాకుతుందని పాస్కల్ అనే ఫ్రెంచి ఆయన 17వ శతాబ్దంలోనే చెప్పాడు. మనం స్కూల్లో బట్టీ పట్టిందే. ఆ సూత్రాన్ని 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాల బ్రేకులకూ వాడారు. ఈనాటికీ మన కార్లలో అదే. ద్రవాన్ని నొక్కితే అణగదు, ఉన్న బలాన్ని ఉన్నట్టు అందిస్తుంది. ఆవిరిని నొక్కితే అణిగిపోతుంది. గొట్టంలో ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుట్టాయంటే మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది, చక్రానికి చేరదు. పెడలు నేలకు తగులుతుంది. కాసేపాగితే ఆవిరి మళ్ళీ ద్రవమవుతుంది, పెడలు గట్టిపడుతుంది, మెకానిక్కు "బెమ్మాండం" అంటాడు.

మరి ఎందుకు మరుగుతుంది? మనం ఆయిలంటాం గాని అది నూనె కాదు. గ్లైకాల్ జాతి ద్రవం. దానికి ఉప్పు బుద్ధి. వానాకాలంలో మూత సరిగా పెట్టని ఉప్పుజాడీ ఏమవుతుందో మనకు తెలుసు. డబ్బాలో పెట్టిన అప్పడాలు సైతం గాల్లోని తేమ లాక్కుని మెత్తబడతాయి. ఇదీ అంతే. రబ్బరు గొట్టాల గుండా, డబ్బా మూతకుండే గాలి దారి గుండా తేమను కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది. సీసా మీద డాట్ 3 అని ఉంటే కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని నిబంధన. అందులో నూటికి మూడున్నర పాళ్ళ పైచిలుకు నీరు చేరితే 140 దాకా ఆగితే చాలంటారు. డాట్ 4 అయితే కొత్తది 230, తడిసింది 155. అంటే చెంచాడు నీళ్ళు చేరితే డెబ్బై డిగ్రీల బలం పోయినట్టే. ఘాటు దిగేటప్పుడు ఎడతెరిపి లేకుండా బ్రేకు మీదే కాలుంటే చక్రం దగ్గరి ఇనుము వందల డిగ్రీలకు కాగుతుంది. ఆ వేడి పక్కనే ఈ ద్రవం.

ఇదంతా చెబితే మా బావగారు పెద్దగా నవ్వారు. "మనకు తాగడానికే నీళ్ళు లేవమ్మా, బ్రేకులోకి నీళ్ళు ఎక్కడినించి వస్తాయి?" అని. నిజమే, వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేసిన నాటినుంచీ నీళ్ళకోసం ఎదురుచూసిన ప్రాంతం మాది. ట్యాంకరు వచ్చిందంటే బిందెలతో పరుగెత్తినవాళ్ళం. కాని మన బిందెలోకి రాని నీరు కారు గొట్టంలోకి రాకూడదని ఎక్కడుంది? గాల్లో తేమ లేనిదే మా ఇంట్లో అప్పడాలు ఎందుకు మెత్తబడుతున్నాయి? మా గాలి కోస్తా గాలికన్నా పొడిగానే ఉండవచ్చు, నీరు కాస్త నెమ్మదిగా చేరవచ్చు. కాని మేం దిగేది నల్లమల. కోస్తా వాళ్ళు దిగేది సినిమాహాలు ముందు.

ఇంకొక వాదన: "ఆర్టీసీ బస్సు రోజూ దిగట్లా?" దిగుతుంది. పెద్ద బస్సులవి గాలి బ్రేకులు, వాటి గొట్టాల్లో ఈ ద్రవం మరిగే ప్రశ్నే లేదు. పైగా ఆ డ్రైవరు మావారిలాగ న్యూట్రల్లో దిగడు. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులో దిగాలని లారీ వాళ్ళకూ బస్సువాళ్ళకూ పాత నేర్పు. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుకు సగం పని తప్పుతుంది. పెట్రోలు ఆదా అన్న మాట కూడా ఇప్పటి కార్లకు వట్టిదే. గేరులో ఉండి పెడలు వదిలి దిగుతుంటే ఇంజను పెట్రోలు తాగడమే మానేస్తుంది. న్యూట్రల్లో అయితే ఆరిపోకుండా ఉండటానికి కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. ఈ ముక్క చెప్పినప్పుడు మావారి ముఖం చూడాల్సింది. బ్రేకు పోయినప్పటికన్నా ఎక్కువ కంగారుపడ్డారు.

"నల్లబడితే మారుద్దాం" అనేవాళ్ళు కొందరు. రంగును బట్టి చెప్పలేం. తేటగా ఉన్నదాంట్లోనూ నీరుండొచ్చు. నీరు కలిసిన పాలను మనం రంగుతో పట్టుకోగలుగుతున్నామా? "ఎక్కువ తిరగలేదు, ఇంట్లోనే ఉంది" అనేవాళ్ళు ఇంకొందరు. టైర్లకు చెల్లే మాట అది. ఇది ఇంట్లో నిలబడి కూడా తేమ తాగుతుంది. నిజానికి ఏడాదికి ఒక్కసారి, శివరాత్రికో కార్తీకానికో బయటికి తీసే కార్లే ఎక్కువ ప్రమాదమని నాకనిపిస్తుంది. ఏడాదంతా బజారుకు వెళ్ళొచ్చి, ఒక్కరోజు అడవి దిగుతాయి. ఇక "తగ్గితే పోయిస్తాం" అన్న మావారి సిద్ధాంతం. విరగబోతున్న పాలల్లో గ్లాసెడు మంచిపాలు పోస్తే కుదుటపడతాయా? పోసింది పైన డబ్బాలోనే ఉంటుంది. వేడి తగిలేది కింద, చక్రాల దగ్గర ఎనిమిదేళ్ళుగా కదలని పాత దానికి. అదీగాక ఆ డబ్బాలో మట్టం ఊరికే తగ్గదు. బ్రేకు ప్యాడ్లు అరిగితే తగ్గుతుంది, లేదా ఎక్కడో కారితే తగ్గుతుంది. అది అది చెప్పే కబురు. పోసేసి ఆ కబురు నోరు నొక్కేస్తాం.

ఒక్క ఆక్షేపణను మాత్రం నేను కొట్టిపారేయను. సర్వీసుకు ఇస్తే ఉన్నవీ లేనివీ బిల్లులో రాస్తారన్నది. రాస్తారు, నేనెరుగుదును. నురగ కట్టే షాంపూలనీ, ఏవో పూతలనీ వేలకు వేలు రాసిన బిల్లు చూసి నేనే పోట్లాడి వచ్చాను. కనుక వాళ్ళ మాటా వద్దు, మావారి మాటా వద్దు. పుస్తకం తీయండి. చాలా కంపెనీలు రెండేళ్ళకోసారి మార్చమంటాయి, కొన్ని మూడేళ్ళంటాయి. కిలోమీటర్ల లెక్క కూడా ఉంటే రెండింట్లో ఏది ముందొస్తే అది. ఆరు నెలలకే మార్చాలన్నవాడితో పోట్లాడండి. ఎనిమిదేళ్ళయినా పరవాలేదన్నవాడితోనూ అంతే గట్టిగా పోట్లాడండి.

మార్పించేటప్పుడు పక్కనే నిలబడాలి. ఆడవాళ్ళు మెకానిక్కు షెడ్డులో నిలబడితే బాగుండదని ఎవరైనా అంటే, కొండమీద నిలబడటం ఇంకా బాగుండలేదని చెప్పండి. నేను నిలబడ్డాను. నిలబడటమేమిటి, పనే చేశాను. ఇది ఇద్దరు చేసే పని. ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర చిన్న చీల వదులు చేసి పాతది బయటికి పోనిచ్చి, చీల బిగించాకనే "వదలండి" అనాలి. ముందు వదిలితే గాలి లోపలికి పోతుంది. ఆరోజు షెడ్డులో పనిచేసే కుర్రాడు రాలేదు. మావారు బ్యాంకులో. "నేను తొక్కుతాను పద" అన్నాను. మెకానిక్కు మొదట నవ్వాడు, తర్వాత "తొక్కండమ్మా... పట్టుకోండి... ఇప్పుడు వదలండి" అంటూ నాలుగు చక్రాలూ తిరిగాడు. చీలకు తగిలించిన సన్న గొట్టంలోంచి మొదట వచ్చింది చూస్తే మా ఇంటి రెండో డికాక్షను గుర్తొచ్చింది. అడుగున నలుసులు కూడా. పోగాపోగా లేత రంగుది దిగింది. మొదట రాత్రి వండిన పప్పు మీద అడుగేసినట్టున్న పెడలు చివరికి కాలికి ఎదురు నిలిచింది.

"ఎనిమిదేళ్ళదామ్మా ఇది? నాకు చెప్పలేదే సారు!" అన్నాడు, అంతకుముందు బెమ్మాండమన్న మనిషే.

అక్కడ నేను నేర్చుకున్నవి నాలుగు ముక్కలు చెబుతాను. డబ్బా మూత మీదే డాట్ 3, డాట్ 4 అని రాసి ఉంటుంది, అది చూసి కొనాలి. డాట్ 5 అని ఒకటుంది. నెంబరు పెద్దది కదా అని మోసపోకండి, అది వేరే జాతి, సిలికాను, మన దాంతో కలవదు. 5.1 అని ఇంకొకటుంది, అది దీని బంధువే. ఎవరు పెట్టారో ఈ పేర్లు, ఆడపడుచుకూ తోడికోడలుకూ ఒకే పేరు పెట్టినట్టుంది. సీసా మీ కళ్ళముందు సీలు తీయాలి. షెడ్డు అలమరలో సగం ఖాళీ అయి దుమ్ము పట్టిన సీసా వద్దు, అది అప్పటికే తాగాల్సిన తేమ తాగి ఉంటుంది. మీ ఇంట్లో మిగిలిందీ దాచకండి. పచ్చడి సీసాలోనో నీళ్ళ సీసాలోనో పోసి పెట్టడం అసలే కూడదు, అది విషం, పిల్లలున్న ఇల్లు. పని జరిగేంతసేపూ పైడబ్బా అడుగంటకుండా పోస్తూ ఉండాలి. కారు రంగు మీద పడితే వెంటనే నీళ్ళతో కడగాలి, లేకపోతే రంగు లేచిపోతుంది. ఇంజనాయిలుగాని మరే నూనెగాని అందులో పొయ్యనివ్వకండి, లోపలి రబ్బర్లు ఉబ్బి మొత్తం పాడవుతుంది. కొత్త కార్లలో కొన్నిటికి బ్రేకుల కంప్యూటరును కూడా కదిలించి గాలి తీయాల్సి ఉంటుంది, అలాంటివాటికి ఆ పరికరం ఉన్నచోటికే వెళ్ళాలి. అన్నీ కలిపి చిన్నకారుకు మా ఊళ్ళో వెయ్యి రూపాయలు దాటలేదు. కార్తీకంలో మేం కొండమీద కొన్న బొమ్మలూ గాజులూ అంతకన్నా ఎక్కువయ్యాయి.

కారు లేనివాళ్ళు ఇక్కడితో పేజీ తిప్పేయకండి. మీ స్కూటరుకు ముందు చక్రానికి డిస్కు ఉందా? హ్యాండిలు దగ్గర చిన్న గాజు కిటికీ ఉన్న పెట్టె కనిపిస్తుంది. అందులో ఉన్నదీ ఇదే. పిల్లల్ని ముందు నిలబెట్టుకుని, కూరగాయల సంచీ తగిలించుకుని రోజూ తిరిగేది మనమే. దాన్ని ఎన్నడైనా మార్చారేమో అడగండి. అడిగితే ఏ జవాబు వస్తుందో నాకు తెలుసు.

ఇళ్ళల్లో తేదీలు గుర్తుపెట్టుకునేది ఎవరు? పిల్లల టీకాలు, అత్తగారి బీపీ మాత్రలు, గ్యాసు బండ, ఆవకాయలో మళ్ళీ నూనె పొయ్యాల్సిన రోజు, అన్నీ మన తలలోనే. ఈ ఒక్క తేదీని మాత్రం "అది మగవాళ్ళ వ్యవహారం" అని వాళ్ళకు వదిలేశాం. వాళ్ళు దాన్ని దేవుడికి వదిలేశారు. మాది పలకల ఊరు. దేశంలో ఎన్ని ఊళ్ళ పిల్లలో మా రాతిపలక మీద అక్షరాలు దిద్దారు. మా వంటింట్లో కూడా ఒక పలక మేకుకు వేలాడుతుంది, పాల లెక్కకు. దాని మీద పై వరసలో ఇప్పుడు "బ్రేకు" అని రాసి నెల, సంవత్సరం వేశాను. పాల లెక్క తుడిచినప్పుడు అది చెరిగిపోకుండా చుట్టూ గీత గీశాను.

మావారు మొదట దాన్ని చూసి ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత చూస్తే దాని కింద ఆయన చేతిరాత: "బ్యాటరీ". తారీఖు వెయ్యలేదు. అడిగితే "స్టార్టవుతోందిగా" అన్నారు.